అబ్బులు చర్మానికి ప్రకృతి చికిత్స

గోదావరి గట్టు మీదున్న ప్రకృతి చికిత్సాలయంలో అబ్బులును చేర్చుకోలేదు. అతని చర్మాన్ని మాత్రం చేర్చుకుని, అతన్ని సాయంత్రం బస్సుకు ఇంటికి పంపేశారు. అక్కడ మొదట్నుంచీ ఉన్న పద్ధతి అదే. జబ్బు దేనికుంటే దానికే మంచం ఇస్తారు. మోకాళ్లు అప్పగించినవాళ్లను ఆటో ఎక్కించి పంపుతారు. పొట్ట అప్పగించినవాళ్లకు క్యాంటీన్‌లో టోకెన్ ఇవ్వరు. మనిషి మొత్తాన్నీ చేర్చుకుంటే పడకలు చాలవనీ, బాగున్న భాగాలు ఊరికే తిని కూర్చుంటాయనీ ఆఫీసు గదిలో బోర్డు రాసి ఉంది.

అబ్బులు తాడేపల్లిగూడెం మెయిన్ బజారులో వరహాలశెట్టి గారి చీరల కొట్లో కౌంటర్ మనిషి. చీర విప్పి తన భుజం మీదే వేసుకుని, పైట చెంగు ముంజేతి మీద పరిచి చూపించడం అతని పని. ఆ పనిలో అతనికి మంచి పేరుండేది. తర్వాత మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి, వాటి మీద తెల్లటి పొలుసులు కట్టాయి. చర్మం డాక్టరు చూసి సోరియాసిస్ అన్నాడు, అంటుకునేది కాదన్నాడు, పూతమందు రాసిచ్చాడు. మచ్చలు తగ్గినట్టే తగ్గి ముంజేతులకీ వీపుకీ పాకాయి. అంటుకునేది కాదని అబ్బులు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. అందరూ అవునవునని తలలూపి, అతను ముట్టుకున్న చీర కాకుండా పక్కది తియ్యమనేవారు.

ఒకరోజు పెళ్లివారొచ్చి నల్లంచు పట్టుచీర తియ్యమన్నారు. అబ్బులు చెంగు పరిచి చేయి తీసేసరికి అంచు మీద తెల్లటి పొట్టు రాలి ఉంది. పెళ్లికూతురి మేనత్త గోటితో దాన్ని చిమ్మి, లేచి చెప్పులేసుకుంది. వరహాలశెట్టి గారు ఆ సాయంత్రమే అబ్బులును పై అంతస్తుకి మార్చి, విప్పిన చీరలు మడతపెట్టే పని ఇచ్చారు. పైకి వెళ్లినవాళ్లను పండగల తర్వాత మానిపించడం ఆ కొట్టు ఆనవాయితీ.

"చర్మం బాగుచేయించుకో అబ్బులూ," అన్నారాయన. "కిందికి రావడమెంతసేపు."

అందుకే అతను చికిత్సాలయానికి వెళ్లాడు. డాక్టర్ శాంతకుమారి గారు అతని మోచేతులు చూడలేదు. నాలుక చూశారు, కనురెప్పలు చూశారు, ఏ వేళకు నిద్రపోతావని అడిగారు.

"నిద్ర సరిగ్గా పట్టదండి. ఉద్యోగం ఉంటుందో లేదోనని బెంగగా ఉంటుందండి."

"అదిగో. చర్మానికి మీ సహవాసం పడట్లేదు," అన్నారు డాక్టరు గారు. "మట్టి పూత, ఆవిరి, అరటాకు స్నానం, పొద్దుటెండ. అన్నీ దానికి మేం చేయిస్తాం. దానికి నోరు లేదు కాబట్టి పథ్యం మాత్రం మీరు చెయ్యాలి. ఉప్పు, పులుపు, కారం, వేపుళ్లు, కాఫీ మానెయ్యండి. కోపం, దిగులు కూడా."

"పూతమందు మానెయ్యాలాండీ?"

"మీరు రాసుకోండి, అభ్యంతరం లేదు. దానికి రాయకూడదు."

ఆవిరి గదిలో కాసేపు కూర్చోబెట్టాక, నూకరాజు అనే అటెండరు అబ్బులు మెడ వెనక పట్టుకుని చర్మాన్ని తడిచొక్కా విడిచినట్టు విడిపించాడు. నొప్పి లేదు. అన్నేళ్లుగా ఉన్న దురద ఒక్కసారిగా ఆగిపోవడంతో, ఏదో మర్చిపోయి వచ్చినట్టు అబ్బులు గదంతా వెతుక్కున్నాడు. నూకరాజు చర్మాన్ని దులిపి, దండెం మీద ఆరేసి, అబ్బులుకి కోరాగుడ్డ తొడుగు ఒకటి తొడిగాడు. మెత్తటి నేత. వేళ్ల సందుల దగ్గర కూడా కుట్టు కనపడదు. ముఖానికి కొంచెం గంజి ఎక్కువైంది గాని రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు.

ఇంటికి రాగానే అతని భార్య మంగతాయారు గుమ్మంలో నిలబడి కింది నుంచి పైదాకా చూసింది.

"మీ చర్మమేదండీ?"

"చేర్చుకున్నారు. మంచి గాలొచ్చే గది."

"మరి నేను రోజూ రాసే కొబ్బరి నూనె?"

"దీనికొద్దు తాయారూ. మరకపడుతుంది."

ఆమె నూనె గిన్నె లోపలికి తీసుకెళ్లిపోయింది. అబ్బులు ఉప్పులేని సొరకాయ కూర తిని, ఇదంతా చర్మం మేలుకే కదా అనుకుంటూ పడుకున్నాడు.

మర్నాడు కొట్లో వరహాలశెట్టి గారు అతని ముంజేతిని చూపుడువేలితో రుద్ది, ఆ వేలు వెలుతురులో పట్టి చూసుకున్నారు. ఏమీ అంటలేదు. అప్పుడే కౌంటర్లోకి రమ్మన్నారు. కోరాగుడ్డ మీద పట్టుచీర రంగు మరింత తేటగా కనబడుతోందని ఆడవాళ్లు అన్నారు. ఒకామె అబ్బులు భుజం మీద చీర సర్దుతూ చాలాసేపు చేయి అక్కడే ఉంచింది. బయటివాళ్లెవరైనా అంత నమ్మకంగా అతన్ని ముట్టుకుని ఎన్నేళ్లయిందో. అతనికి సంతోషం కలగాల్సింది. కాని పట్టుకీ పాలియెస్టర్‌కీ తేడా అతని వేళ్లకి తెలియడం లేదు. ధర చీటీ చూసి చెబుతున్నాడు. ఎవరైనా కనిపెడతారేమోనని చీర విప్పిన ప్రతిసారీ గుండె దడదడలాడింది. చెమట పట్టడానికి చర్మం లేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆదివారాలు చర్మాన్ని చూడనిస్తారు. అయితే ఆందోళనతో వచ్చినవాళ్లను లోపలికి వదలరు, రోగికి మంచిది కాదని. గేటు దగ్గర నూకరాజు నాడి పట్టి చూస్తాడు. కోరాగుడ్డ మీదుగానే.

"గట్టిగా కొట్టుకుంటందండి," అన్నాడు మొదటి ఆదివారం. "కాసేపు ఆ బల్ల మీద కూకోండి. మనసు చల్లబడ్డాక పిలవండి."

అబ్బులు బల్ల మీద కూర్చుని మనసు చల్లబరుచుకోడానికి ప్రయత్నించాడు. ప్రయత్నించేకొద్దీ, సమయం దాటిపోతుందేమోనన్న భయం ఎక్కువైంది. ఆ భయం నాడికి తెలుస్తుందన్న భయం దాని మీద ఎక్కింది. అతనికి అటూ ఇటూ మరికొందరు అలాగే కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ప్రశాంతంగా ఉండటానికి కష్టపడుతున్నారు. గంట కొట్టేశారు. అందరూ లేచి బస్సుకి వెళ్లారు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. అతను నూకరాజునే అడిగి తెలుసుకునేవాడు.

"ఎలా ఉందయ్యా?"

"దానికేటండి, మారాజులా ఉంది. పొద్దుటే ఎండలో పడుకోబెడతన్నాం. మట్టి పూస్తే చిన్నపిల్లలా సహకరిస్తంది. వీపు మీద మచ్చ సగం పోయింది."

అబ్బులుకి కళ్లు చెమర్చాల్సిన చోట గుడ్డ కొద్దిగా తడిసింది. తను దగ్గరున్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా అలా ఉండలేదది.

ఇంటి దగ్గర పథ్యం కఠినంగా సాగింది. పథ్యం తప్పితే చర్మానికి తెలిసిపోతుందని అతని బెంగ. పక్కింట్లో ఆవకాయ కలిపితే తలుపులు వేయించేవాడు. ఒకసారి తాయారు పొరపాటున మజ్జిగలో ఉప్పు వేసింది. రెండు గుక్కలు తాగాక గాని ఇద్దరికీ తెలియలేదు. అబ్బులు వెంటనే చికిత్సాలయానికి ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. ఎడమ మోచేయి దగ్గర పొద్దుట్నుంచీ ఎందుకు కందిందో ఇప్పుడు అర్థమైందన్నారు వాళ్లు. ఉప్పు వేసింది మధ్యాహ్నం కదా అని తాయారు అంది గాని, అప్పటికే ఫోన్ పెట్టేశారు.

"అది అక్కడ బాగుపడుతోంది, మీరిక్కడ చిక్కిపోతున్నారు," అందామె. "ఏది మీరో నాకు తెలీట్లేదండీ."

వానలు మొదలయ్యాక కబురొచ్చింది, నయమైంది వచ్చి మాట్లాడమని. తాయారు కూడా బయలుదేరింది. చర్మాన్ని మడత పాడవకుండా చుట్టి తేవడానికి ఒక ఉతికిన దుప్పటి సంచిలో పెట్టుకుంది.

డాక్టరు గారి గదిలో చర్మం అరటాకు మీద పరిచి ఉంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. అబ్బులు కుర్రతనంలో కూడా అంత నిగనిగలాడలేదు. తాయారు ముందుకు వంగి వీపు భాగాన్ని అరచేత్తో నిమిరింది. అన్నేళ్లూ నూనె రాసిన చోటే కాబట్టి ఆమె చెయ్యి దారి వెతుక్కోలేదు.

"చాలా మంచి చర్మమండీ ఇది," అన్నారు శాంతకుమారి గారు. "మా చికిత్స సంపూర్ణంగా ఫలించింది. ఇక ఇబ్బందల్లా డిశ్చార్జి గురించే. దీన్ని ఎవరితో పంపాలి?"

"నాతోనేనండి," అన్నాడు అబ్బులు.

"మీతో ఉండే కదా అలా అయింది."

అబ్బులు అరటాకు వైపు చూపించి, దాన్నే అడిగి చూశారా అన్నాడు.

"అడిగాం. మీ పేరు చెప్పగానే మోచేతుల దగ్గర ఎర్రబడింది."

"అదేం మాటండీ," అంది తాయారు. "మనిషి చర్మం మనిషికిచ్చెయ్యండి. మచ్చలొస్తే వస్తాయి. నేను చూసుకుంటాను."

డాక్టరు గారు నొచ్చుకోలేదు. నిబంధన ప్రకారం పరీక్షగా ఒక పూట తొడిగి చూస్తామన్నారు. నూకరాజు తొడుగు విప్పి, చర్మాన్ని అబ్బులుకి భుజాల మీంచి మెల్లగా తొడిగాడు. అబ్బులుకి కిటికీలోంచి గోదావరి గాలి తగిలింది. కింద గచ్చు చల్లదనం పాదాలకి తెలిసింది. అతను తాయారు బుగ్గని వేలి చివర్లతో ముట్టుకుని, చీర మీది నుంచి చేయి తీయడానికి మనసొప్పని ఆడవాళ్లలా అలాగే ఉండిపోయాడు. ఆమె సంచిలోంచి దుప్పటి తీయలేదు, ఇక అవసరం లేదనుకుని.

అప్పుడు ఫోన్ మోగింది. వరహాలశెట్టి గారు.

"ఆషాఢం సేల్ రేపట్నుంచే అబ్బులూ. గుడ్డతోనే వస్తావుగా? లేక పాతది వేసుకొస్తావా? పాతదైతే ఇప్పుడే చెప్పు, పైన చీరలు మడతపెట్టడానికి మనిషి కావాలి."

"పాతది కాదండి బాబూ, నయమైందండి. మచ్చే లేదండి."

"ఇవాళ లేదు. రేపటి సంగతికి ఎవరు పూచీ?"

ఫోన్ పట్టుకున్న ముంజేతి మీద, అందరూ చూస్తుండగానే, కందిన చుక్క ఒకటి లేచింది. దాని పక్కన ఇంకోటి. నూకరాజు తల దించుకున్నాడు. డాక్టరు గారు అబ్బులును బిడ్డని కొట్టినవాడి వైపు చూసినట్టు చూశారు. దురద మొదలైంది. ఎంత కాలానికో వచ్చిన దురద. అబ్బులు గోకలేదు. గోకితే చర్మానికి నొప్పి కదా.

"తీసెయ్యవయ్యా," అన్నాడు నూకరాజుతో.

"ఏవండీ," అంది తాయారు.

"ఇక్కడే సుఖంగా ఉంది తాయారూ. నేను తీసుకెళ్తే ఏముంది దీనికి? వారం తిరక్కుండా మళ్లీ పొలుసులే. ఉద్యోగం పోతే నువ్వూ నేనూ ఏం తింటాం? గుడ్డకి ఏ గొడవా లేదు."

నూకరాజు చర్మాన్ని మళ్లీ విడిపించి అరటాకు మీద పరిచాడు. తాయారు సంచిలోంచి దుప్పటి తీసి దాని మీద కప్పింది. కప్పకూడదు, గాలి తగలాలి అన్నారు డాక్టరు గారు. ఆమె దుప్పటి మళ్లీ తీసేసింది.

శాశ్వత తొడుగు అక్కడికక్కడే ఇచ్చారు. రంగు ఎంచుకోమంటే, ఏ చీరకైనా నప్పేలా గంధం రంగు తీసుకున్నాడు అబ్బులు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నూకరాజు అలవాటుగా నాడి పట్టి, కాసేపు వెతికి, చాలా బాగుందన్నాడు.

తిరుగు బస్సులో ఎదురు సీట్లో ఉన్నాయన నిడదవోలు దాకా అబ్బులునే చూస్తూ వచ్చి, చివరికి అడిగాడు.

"మంచి గుడ్డండి. ఎక్కడ వేయించారు?"

అబ్బులు చిరునామా చెప్పాడు.

"మా అమ్మాయికి వచ్చే నెల బ్యాంకులో ఉద్యోగమండి. చర్మం బాగానే ఉంటుంది గాని, ఊరికే ఎర్రబడిపోతూ ఉంటుందండి, ఎవరైనా ఏమన్నా అంటే. ముందే అప్పగించేస్తే మంచిది కదండీ?"

"ఆయ్, మంచిదేనండి. చిన్నతనంలో అయితే తొందరగా అలవాటు పడతారు," అన్నాడు అబ్బులు కౌంటర్లో మాట్లాడే గొంతుతో.

ఆయన చిరునామా ఫోన్‌లో రాసుకుని నిద్రలోకి జారుకున్నాడు. కిటికీ అద్దం లేదేమో, వాన జల్లు పడుతున్నట్టు గంధం రంగు గుడ్డ మీద చుక్కలు కనబడ్డాయి. అబ్బులు వాటిని తుడుచుకుందామని తల దించాడు. తాయారు తల వంచి, అతని చేతిని తన రెండు చేతులతో పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా. ఎప్పట్నుంచి పట్టుకుందో అతనికి తెలియదు.

"వానొస్తోంది," అన్నాడతను.

"అవునండి," అంది తాయారు, తల ఎత్తకుండానే.