కావిడి కుమార్ గెడ్డ దాటిన వైనం

పాడేరు కొండల్లో ముంతగెడ్డ అనే పల్లెకు జాతీయ స్థాయి గుర్తింపు లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ పల్లెకు రోడ్డు లేదు. పల్లెను చుట్టి పారే గెడ్డ మీద వంతెన లేదు. ఇవి లేకపోవడం వల్లే గుర్తింపు వచ్చింది కాబట్టి పాఠకులు తొందరపడి జాలిపడవద్దని మనవి.

ఊరి వార్డు మెంబరు సురేంద్ర మాత్రం తొందర మనిషి. డిగ్రీ చదివాడు, దాని ప్రభావం కావచ్చు. అతని భార్య కృపావతికి నెలలు నిండుతున్నాయి. తొలకరి పడితే గెడ్డ పొంగుతుంది. అప్పుడు మనిషికి ఒంట్లో బాగోకపోతే దుంగకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, భుజాల మీద మోసుకుంటూ రాళ్ల మీద నుంచి దాటించాలి. దాన్నే డోలీ అంటారు. పేరు వింటే పెళ్లి గుర్తొస్తుంది గానీ అందులో ఎక్కినవాళ్లెవరూ పాట పాడిన దాఖలా లేదు. వానలలోగా కాలినడక వంతెన ఒకటి వేయండని సురేంద్ర సోమవారం సోమవారం గెడ్డ అవతల జీపెక్కి పాడేరు వెళ్లి అర్జీ ఇచ్చేవాడు. అక్కడి అధికారులు మర్యాదగా తీసుకునేవారు. మర్యాదలో ఏ లోటూ జరగలేదు.

ఇక ఆట సంగతి. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేములు ఇంటింటా ఉన్న కాలంలో 'కత్తి కుమార్' అని ఒక గెంతుడు ఆట వచ్చింది. కత్తి కుమార్ గోడలు గెంతి, గోతులు గెంతి, రాకుమారిని విడిపించి గుర్రమెక్కించుకుపోతాడు. ఆట బాగా అమ్ముడైంది. అమ్ముడైనదాన్ని ఊరికే వదలకూడదు కదా, కంపెనీవారు దానికి పిల్లాటొకటి పుట్టించారు. రాకుమారి గుర్రమెక్కిపోయింది, మరి ఆమె పెట్టెలు? వాటిని కావిడిలో వేసుకుని కొండలు దాటించే కూలివాడి కథే 'కావిడి కుమార్'. వాడికి కత్తి లేదు, గుర్రం లేదు, జీతం గురించి ఆటలో ఎక్కడా ప్రస్తావన లేదు. మూడో లెవెల్లో ఒక గెడ్డ వస్తుంది. మూడు రాళ్లు. ఎక్కితే కుంగుతాయి. అక్కడే అందరూ మునిగారు, ఆటతో పాటు కంపెనీ కూడా మునిగింది.

ఇన్నేళ్లకు విశాఖపట్నంలో నవీన్ అనే కుర్రాడు, పాత ఆటలు మళ్లీ ఆడి వీడియోలు చేసేవాడు, ఆ కావిడి కుమార్‌ని దుమ్ము దులిపి బయటకు తీశాడు. ఆడాడు, మునిగాడు, మునిగినప్పుడల్లా కన్నీళ్లు పెట్టుకున్నాడు. అరకు వైపు తిరగడానికొచ్చిన వాడొకడు ఆ వీడియో చూసి, 'ఈ మూడు రాళ్లూ, ఒరిగిన పనస చెట్టూ, వెనక చీలిన కొండా నేను చూశాను, ఇది ముంతగెడ్డ' అని కింద రాశాడు. ఆట బొమ్మలు గీసినాయన ఆ రోజుల్లో కాఫీ తోటలు చూడటానికొచ్చి ఫోటో పట్టుకెళ్లాడని తేలింది. పాతికేళ్లకు పైగా గెడ్డలో ఏ మార్పూ రాలేదు కనుక పోల్చుకోవడం సులువైంది. దీనికి పాలనా యంత్రాంగాన్ని అభినందించాలి.

వెంటనే పాత ఆటల్ని కాపాడే జాతీయ స్థాయి పురా క్రీడా వైభవ సంస్థ కదిలింది. డైరెక్టర్ గంగరాజు గారు నవీన్‌నీ, కెమెరాలనీ వెంటబెట్టుకుని చైత్రమాసంలో ఇటుకల పండగ అనే గిరిజనుల వేట పండగ నాడు దిగారు. సురేంద్ర సంబరం చెప్పనలవి కాదు. పెద్దమనుషుల కాళ్లు తడవకూడదని ఊరంతా కలిసి గెడ్డకు అడ్డంగా దుంగలు పరిచారు. గంగరాజు గారు చూసి నొచ్చుకున్నారు.

"ఇదేమిటయ్యా? ఆటలో దుంగల్లేవే! తీసెయ్యండి."

తీసేశారు.

ఇక్కడే సురేంద్ర పొరపాటు చేశాడు. కష్టం కళ్లారా చూస్తే కరుగుతారనుకున్నాడు. డోలీలో బియ్యం బస్తా వేసి, తనూ, ఇంకొకడూ చెరో కొస పట్టి, తూలుతూ, నిలదొక్కుకుంటూ మూడు రాళ్లూ దాటి చూపించాడు. నవీన్ చప్పట్లు కొట్టాడు.

"అన్నా, అచ్చం అదే! రెండో రాయి మీద ఆగడం ఉంది చూశావూ, గేమ్‌లో కూడా అక్కడే ఆగాలి. ఇంకోసారి చెయ్యవా? ఎండ మొహం మీద పడలేదు."

సురేంద్ర ఇంకోసారి చేశాడు. తర్వాత అర్జీ చాచాడు. అభిమాని అనుకుని గంగరాజు గారు దానిమీద 'ప్రేమతో' అని సంతకం చేసి ఇచ్చారు. ఆపై ప్రసంగించారు. "మిత్రులారా! ప్రపంచమంతా వంతెనలే. వంతెన ఎవడైనా వేస్తాడు. వంతెన లేకపోవడాన్ని ఇంత కాలం కాపాడుకున్న జాతి మరొకటి ఉందా?"

తిరిగి వెళ్లబోతే దారికి అడ్డంగా వెదురు బొంగు. ఇటుకల పండక్కి మగాళ్లు వేటకెళితే ఆడాళ్లు దారికడ్డంగా బొంగు పట్టి వచ్చేపోయేవాళ్లని ఆపుతారు. ఏదో ఒకటి ఇవ్వందే ఎత్తరు. ఆ బొంగు ఒక కొస సురేంద్ర అత్తగారు ఈశ్వరమ్మ చేతిలో ఉంది. గంగరాజు గారు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టారు.

"డబ్బులొద్దు బాబూ. ఏటి సేసుకుంటాం? మా గుంట కృపావతి కడుపుతో ఉంది. వంతెన ఇచ్చి ఎల్లు."

"ఆటలో రెండో లెవెల్ చివర కర్ర పట్టుకుని కాపలాదారు ఉంటాడు సార్, వీళ్లు అది కూడా పెట్టారు!" అని నవీన్ మురిసిపోయాడు.

కెమెరాలు చూస్తున్నాయి. గంగరాజు గారు చెయ్యెత్తి, "ఇచ్చానమ్మా! ముంతగెడ్డకు వంతెన ఇచ్చాను!" అన్నారు. బొంగు లేచింది.

"పండగ నాడు బొంగు కాడ ఇచ్చిన మాట తప్పితే అడివి ఊరుకోదు అల్లుడా," అంది ఈశ్వరమ్మ. ఆయన తప్పలేదు. ఆ విషయం ముందు ముందు మీరే ఒప్పుకుంటారు.

సంస్థవారు రాళ్లకు ఆటలోలాగా పసుపురంగు పెయింటు వేశారు. దాంతో అవి కొంచెం జారడం మొదలెట్టాయి, అసలుకు మరింత దగ్గరయ్యాయి. 'ఇవి వారసత్వ రాళ్లు, దుంగలు వేయరాదు' అని బోర్డు పాతారు. బొర్రా గుహలు చూసినవాళ్లంతా ఇటు వచ్చి గెంతసాగారు. పడినవాళ్లు నవ్వుకుంటూ లేచి మళ్లీ వరసలో నిలబడేవారు. వాళ్లకు వరస ఉంది, 'మళ్లీ' ఉంది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం కృపావతికి నొప్పులొచ్చాయి. డోలీ కట్టి రాళ్ల దాకా తెచ్చేసరికి రెండో రాయి మీద ఒక బృందం సెల్ఫీ దిగుతోంది.

"బాబూ, బేగి తప్పుకోండి! మనిషి పానం!" అని సురేంద్ర కేకేశాడు.

"లైన్లో రావాలి బ్రదర్. మేమూ పొద్దుట్నుంచే ఉన్నాం," అన్నాడొకాయన న్యాయంగా.

వాళ్లు తప్పుకునేసరికి పైన కొండల్లో కురిసిన వాన కిందికొచ్చింది. రాళ్లు కనబడలేదు. ఒరిగిన పనస చెట్టు కింద, నలుగురు ఆడాళ్లు చీరలు అడ్డం పట్టగా, ఈశ్వరమ్మ చేతుల్లో కృపావతికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. ఈ బతకడాన్ని సంస్థవారు తమ పర్యాటక విజయాల్లో చేర్చుకున్నారు.

వారం తిరక్కుండానే గంగరాజు గారు వంతెన ప్రారంభోత్సవానికి వచ్చారు. సురేంద్ర ఒడ్డుకు పరిగెత్తాడు. అవతలి ఒడ్డున షామియానా, మైకు, రిబ్బను. రిబ్బను ఒక సెల్‌ఫోనుకు కట్టి ఉంది. కావిడి కుమార్ ఆటను ఫోన్లలో ఆడుకునేలా కొత్తగా విడుదల చేశారు. మూడో లెవెల్లో గెడ్డ మీద చక్కని ఇనప వంతెన. గెడ్డ పొంగుతున్నందున గంగరాజు గారు ఇవతలికి రాలేక, అవతలి నుంచే వంతెనను ముంతగెడ్డ ప్రజలకు అంకితం చేశారు. నీరు తగ్గాక ఫోనొకటి పంపించారు కూడా.

ఈశ్వరమ్మ ఆ బుల్లి వంతెనను చాలాసేపు చూసింది.

"కట్టినాడు. మాట తప్పలేదు," అంది.

కృపావతి పిల్లకు పాలిస్తూ తొంగిచూసింది. కుమార్ కావిడి ఊపుకుంటూ టకటకా దాటేస్తున్నాడు. "పోన్లే, ఆడైనా దాటినాడు. పెట్టెలు కదా మోత్తన్నాడు, ఆగితే పాడైపోవూ."

ఆటను లక్షలాదిగా దింపుకున్నారు. మీరూ దింపుకునే ఉంటారు. కావిడి మోసేవాడి కష్టం చూసి గుండె బరువెక్కిందని మీరు రాసినవి సురేంద్ర కొండెక్కి, సిగ్నల్ అందేచోట నిలబడి చదివాడు. ఒక్కదానికే మీరంతా అభ్యంతరం చెప్పారు. మూడో లెవెల్లో వంతెన వేసి మజా చంపేశారనీ, కష్టం లేకపోతే కుమార్‌కి విలువేముందనీ, దాన్ని తీసెయ్యాలనీ. ఒక్కరు కూడా పాడేరు రాలేదు, జీపెక్కలేదు, అర్జీ పట్టుకుని బెంచీ మీద కూర్చోలేదు.

మరుసటి సోమవారానికల్లా వంతెన తీసేశారు.