చుక్క పడ్డాక

ఆ ఉదయం కొత్త అల్లుడి పథకం చాలా చిన్నది. పదింటిలోపు కంప్యూటర్ క్లాసు ఆఖరి లెక్క పంపి పాసైతే చాలు, గోడౌన్‌లో రాత్రి డ్యూటీ పోయి పగటి డ్యూటీ వస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ అతను ఇల్లు చేరే వేళకే భార్య ఆసుపత్రి మందుల కౌంటర్‌కు బయల్దేరుతోంది. ఆమె పక్కన కూర్చుని తీరిగ్గా ఒక్క కప్పు కాఫీ తాగడమే అతని జీవితాశయం.

లెక్క కూడా చిన్నదే. మూడు మూటల సగటు బరువు, చుక్క తర్వాత రెండంకెలతో చూపాలి. దశాంశ బిందువును మాస్టారు ముద్దుగా చుక్క అంటారు. పడగ్గదిలో ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం 36.666666666666664 అని ఆరుల చీమలబారు. అతను హాల్లోకొచ్చి మాస్టారికి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, నా కొంప మునిగేట్టుంది! చుక్క పడిందంటే ఇంక ఆగట్లేదండీ. రెండు చాలంటే వినదు, పదిహేను దాకా పోతోంది!"

కూతురి కాపురం చూసిపోదామని వచ్చిన అత్తగారి చేతిలోంచి వంటింట్లో గిన్నె జారింది. ఆ ఇంట్లో 'వినదు, పోతోంది' అనిపించుకోదగ్గది ఆవిడ కూతురొక్కతే.

"ఎప్పట్నుంచి బాబూ ఇది?"

"నిన్నట్నుంచీ అత్తయ్యా. డ్యూటీలో కూడా ఇదే దిగులు."

"ఎవరు అలవాటు చేశారు?"

"మాస్టారేనండీ. చుక్క పెట్టించారు గానీ ఎక్కడ ఆపాలో చెప్పలేదు. పదింటికల్లా పంపాలి."

"ఈ స్థితిలోనా?"

"పంపకపోతే నా బతుకింతేనండీ!"

అత్తగారు పడగ్గదిలో జడ వేసుకుంటున్న కూతురి చేతిలో నిమ్మరసం గ్లాసు పెట్టి, బయటికొచ్చి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించారు. ల్యాప్‌టాప్ లోపలే ఉండిపోయింది.

అల్లుడు తలుపు మీద పడ్డాడు. "ఏమోయ్, చుక్క తర్వాత రెండే ఉంచి పంపెయ్!"

"రెండు కూడా వద్దే! మానెయ్యవే తల్లీ!" అని అత్తగారి ఏడుపు.

"అమ్మా, నీకేమైనా పిచ్చా? తలుపు తియ్యి, డ్యూటీకి టైమైంది!"

"డ్యూటీ లేదు గీటీ లేదు!"

హాల్లో భార్య ఫోన్ ఆసుపత్రి నుంచి మోగి మోగి ఊరుకుంది. అతను గోడకు చేరగిలబడి, కాఫీకి, కాపురానికి ఒకేసారి నీళ్లొదులుకున్నాడు. లోపల ఆమె ఆరుల బారు చెరిపేసి, 36.67 అని కొట్టి పంపేసింది.

"భేష్!" అని మాస్టారి జవాబు వచ్చింది. తాళం తీయించేసరికి మాత్రం మధ్యాహ్నమైంది. ఎంత వివరించినా అత్తగారు నమ్మలేదు. పెళ్లాం పరువు కాపాడుతున్న బంగారం లాంటి అల్లుడని కళ్లొత్తుకున్నారు.

వారం తిరక్కుండా అతనికి పగటి డ్యూటీ వచ్చింది. చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టినందుకు ఆమెకు రాత్రి డ్యూటీ పడింది.

అక్కడైతే కనీసం డాక్టర్లుంటారని అత్తగారొక్కరే స్థిమితపడ్డారు.