తిరిగి రానిదానికి కాపలా

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తర్వాత చక్రాన్ని కనిపెట్టింది, ఆ పైన ఈ రెండింటికీ అనుమతులిచ్చే శాఖను కనిపెట్టి నిశ్చింతగా కూర్చుంది. రొదోపి కొండల కింద ఉన్న మా పట్నంలో అటువంటి శాఖలు పద్నాలుగు. వాటిలో మిక్కిలి పవిత్రమైనది తిరిగిరాని పనుల ధ్రువీకరణ శాఖ.

మా ఎనిమిదంతస్తుల మేడకు పెద్దను నేనే (ఎన్నికల్లో గెలిచాను, నాతో పోటీపడినవాడు ఆ రోజు నిద్ర లేవలేదు). కిందటేడు మా లిఫ్ట్ మెదడు కాలిపోయింది. కొత్త మెదడుకు ప్రోగ్రామ్ రాస్తానని నాలుగో అంతస్తు రాలిత్సా ముందుకొచ్చింది. అందులో 'ఆగు' అని ఒక ఫంక్షన్, అంటే ఒక పని కోసం విడిగా రాసిన ముక్క, ఉంది. తాడులోనో తలుపులోనో తేడా వస్తే లిఫ్ట్ అందులోకి వెళ్తుంది. మోటారు ఆపి, బ్రేకు వేసి, ప్రోగ్రామ్ అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. మనిషి వచ్చి కరెంటు తీసేదాకా బయటికి రాదు.

మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. అది అనుమానపు గుమాస్తా. 'ఆగు'లోకి వెళ్లి తిరిగొచ్చాక ఏం చేయాలని సతాయిస్తూనే ఉంటుంది. 'ఇది తిరిగి రాదు' అని ఒక్క మాట రాస్తే చాలు, నోరు మూసుకుని, ఆ తర్వాతి పనులన్నీ తుడిచేస్తుంది. (ఒట్టు వేయించదు, సాక్షిని అడగదు. అంత నమ్మకం నలభై ఏళ్లలో మా ఆవిడకు నా మీద కలగలేదు.) ఆ మాట అబద్ధమై 'ఆగు' తిరిగొచ్చిందంటే, తుడిచేసిన చోట నిలవడానికి ఏమీ ఉండదు; పక్కన ఏ పని ఉంటే దాంట్లోకి జారిపోతుంది. ఆ పని తలుపు తెరిచి ఉండగానే లిఫ్ట్‌ను పైకి లేపడం కావచ్చు. కాబట్టి ఆ ఒక్క మాటకు శాఖ అనుమతి కావాలని ఇరవై మూడో నిబంధన. ఇంతవరకు న్యాయమే.

ఇన్‌స్పెక్టర్ గ్రుడెవ్ ఒక కుర్చీ, ఒక ఫ్లాస్కు, జున్ను పొరల రొట్టె బానిత్సా పొట్లం పట్టుకుని మేడ కింది గదికి వచ్చాడు.

"నాకేం అభ్యంతరం లేదమ్మాయ్. అది తిరిగి రాదని నా కళ్లతో చూసి సంతకం పెడతా."

"ఎంతసేపు చూస్తారండీ?" అంది రాలిత్సా.

"తిరిగి రాకుండా ఉండటం పూర్తయ్యేదాకా."

"అందులోంచి బయటికి దారే లేదు సార్. మొత్తం మూడు లైన్లు. చదివితే తెలిసిపోతుంది."

"చదివితే తెలిసేదానికి నేనెందుకు? మా బావమరిది జర్మనీ పోతూ ఇక ఈ గడప తొక్కనని ఒట్టేశాడు. ఏటా ఆగస్టులో దిగుతున్నాడు, మాసిన బట్టల మూటతో."

"పోనీ, గంటకోసారి తిరిగొచ్చేలా రాస్తే?"

"అప్పుడు మా శాఖతో పనే లేదు. ఈ పూటే లిఫ్ట్ నడుపుకోండి."

"కానీ అది ప్రమాదం కదా?"

"ప్రమాదాలు వేరే శాఖ తల్లీ."

రాలిత్సా ఒప్పుకోలేదు. కింది గదిలో కంప్యూటర్ మీద 'ఆగు'ను నడిపించి పెట్టింది; పరిశీలన మొదలైంది. గ్రుడెవ్ భోజనానికి వెళ్లిన గంటలో అది తిరిగొచ్చేస్తే ఎట్లా అని రెండో ఇన్‌స్పెక్టర్‌ను వేశారు. ఇద్దరికీ మధ్య ఒక అప్పగింతల పుస్తకం: 'తిరిగి రాలేదు. చెక్కుచెదరకుండా అందుకున్నాను.' శని, ఆదివారాల్లో కంప్యూటర్‌కు లక్కముద్ర. జనవరిలో గ్రుడెవ్ జలుబు చేసి మూడుసార్లు తుమ్మాడు. తుమ్మినప్పుడు కళ్లు మూసుకుపోయాయని నిజాయితీగా రాసుకున్నాడు. పరిశీలన మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

ఎనిమిదో అంతస్తులో స్తోయ్నా అక్క ఉంది. ఎనభై రెండేళ్లు, తుంటిలో రెండు మేకులు. అందరికంటే పైన ఉండేది ఆమే కనుక, లిఫ్ట్ దరఖాస్తు నిబంధన ప్రకారం ఆమె పేరు మీదే పెట్టాం. రొట్టె కోసం తాడు కట్టిన బుట్ట కిటికీలోంచి దింపుతూ రోజూ నన్ను కేకేసేది.

"పెంచో, కింద బెంచీ మీద కూర్చునే ఆ మిత్కా నా గురించి ఏమంటోంది?"

"నువ్వు పంచిపెట్టిన మిరపకాయ పచ్చడి కొట్లో కొన్నదట అక్కా."

"నేను దిగాలిరా. దిగి, దాని పక్కనే కూర్చుని తేల్చాలి. నా తరఫున మాట్లాడేదెవరు? నువ్వా? నువ్వు దాని ఇంట్లో బోజా తాగి మూతి తుడుచుకునేవాడివి."

(అది నిజమే.)

పదకొండో నెలలో ఇక ఉండబట్టలేక గ్రుడెవ్ దగ్గరికి వెళ్లాను. "అయ్యా, పదకొండు నెలలుగా ఆ మనిషి కాలు నేల మీద పడలేదు. కాస్త ఆవిడ ముఖం చూసైనా సంతకం పెట్టండి" అన్నాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. నా మాటలు పొల్లుపోకుండా రాసుకున్నాడు. నా చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ఎనిమిదో అంతస్తు నివాసి పదకొండు నెలలుగా కిందికి రాలేదని మేడ పెద్దే స్వయంగా చెప్పినందున, ఆమెను కిందికి రాని వ్యక్తిగా నిర్ధారించడమైనది. ఈ విషయంలో ప్రత్యేక పరిశీలన అవసరమని శాఖ భావించలేదు. కిందికి రానివారికి లిఫ్ట్ అక్కర్లేదు కనుక దరఖాస్తు మూసివేయడమైనది.

నోటీసును రొట్టెతో పాటు బుట్టలో పెట్టి పైకి పంపాను. చివరి వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది: అభ్యంతరాలుంటే మూడు రోజుల్లోగా దరఖాస్తుదారు స్వయంగా మేడ కింది గదికి వచ్చి చెప్పుకోవలెను.