ఏసీ బాగానే ఉన్న ఇల్లు

ఆ ఇంట్లో ఏసీ బాగానే ఉంది. ఈ విషయాన్ని నడివేసవి మధ్యాహ్నం మామగారు శాలువా కప్పుకుని మరీ ధ్రువీకరించారు. గడ్డం మీంచి చెమట కారి పేపర్లో వాతావరణ వార్త మీద పడుతుంటే, ఇవాళ కాస్త చల్లగానే ఉంది కదా అన్నారు. అత్తగారు అవునన్నారు. కొడుకు అవునన్నాడు. ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళయిన కోడలు అందరికంటే గట్టిగా అవునంది.

గట్టిగా అనడానికి ఆమెకి కారణం ఉంది. ఆ ఇంట్లో ఒక చట్టం అమల్లో ఉంది. ఏ వస్తువైనా పాడైందని ఎవరు ముందు చెప్తారో, దాన్ని పాడుచేసింది వాళ్ళే. విచారణ లేదు, అప్పీలు లేదు. మీకిది వింతగా అనిపించదని తెలుసు కాబట్టి వివరించడం లేదు. హాల్లో గడియారం పదకొండేళ్ళుగా నాలుగూ పది మీద నిలబడి ఉంది. అది ఆగిందని బయటికి చెప్పేంత అమాయకులు ఆ వంశంలో పుట్టలేదు.

కోడలు బయటినుంచి వచ్చిన మనిషి. చట్టం తెలియక మొదటి నెలలోనే మిక్సీ తిరగడం లేదని చెప్పేసింది. ఆరో నెలలో వంటింటి కుళాయి కారుతోందని చెప్పింది. మూడోది కూడా చెప్పిందంటే "ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు" అన్న మాట ఖాయమైపోతుంది. అది ఖాయమైతే ఇక ఆమె కాచిన పాలు విరుగుతాయి, ఆమె నాటిన మొక్క ఎండుతుంది, ఆమె ఎక్కిన బస్సుకి పంక్చరవుతుంది. ఆమె గుమ్మంలో కనిపించగానే చుట్టాలు గాజుసామాను లోపల పెట్టేస్తారు. అందుకని నోటికి తాళం వేసుకుంది.

ఏసీ మాత్రం తనవంతుగా చెప్పాల్సినవన్నీ చెప్పింది. ముందు మూలిగింది. ఇంట్లోవాళ్ళు టీవీ సౌండు పెంచారు. తర్వాత నీళ్ళు కార్చింది. కిందకో బకెట్టు వచ్చింది. అది నిండినప్పుడల్లా ఎవరో మొక్కలకి పోసి మళ్ళీ అక్కడే పెట్టేవారు, ఆ ఎవరో ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. పక్కింటివాళ్ళ వంట గురించి అందరూ విచారం వ్యక్తం చేశారు. ఆఖరికి అది ఎండాకాలం వేడిగాలి, చలికాలం చల్లగాలి కొట్టడం మొదలుపెట్టింది. పనిచెయ్యడం లేదనడానికి వీల్లేదు. రెండు పనులూ శ్రద్ధగానే చేస్తోంది, కాకపోతే కాలాలు అటూఇటూ అయ్యాయి.

కుటుంబం సర్దుకుపోయింది. కొడుకు ఆదివారాలు కూడా ఆఫీసుకి వెళ్ళి ప్రమోషన్ తెచ్చుకున్నాడు. అత్తగారు ఒక్క నిమ్మకాయ కోసం ఫ్రిజ్‌లో తలపెట్టి ముప్పావుగంట వెతికేవారు.

చిక్కంతా మామ్మతో వచ్చింది. ఆవిడ మామగారి తల్లి, ఎనభై ఆరేళ్ళు, మంచం సరిగ్గా ఏసీ కింద. రోజుకి పన్నెండు గంటలు మాట్లాడే మనిషి ఆరుకి, ఆరునుంచి మూడుకి దిగింది. కోడలు తడిగుడ్డతో మెడ తుడుస్తుంటే ఓ రోజు గొంతు తగ్గించి చెప్పింది.

"నేనే చెప్పేసేదాన్నే. కానీ ఈ వయసులో పేరు పోతే మళ్ళీ సంపాదించుకోడానికి టైము లేదు."

"నాకు మాత్రం ఉందా మామ్మా? మిక్సీ సంగతి మర్చిపోయారా?"

"నీకేమే, చిన్నదానివి. ఇంకో యాభై ఏళ్ళు మాటలు పడే ఓపికుంది."

రెండ్రోజులకి మామ్మ కూర్చున్నచోటే పక్కకి ఒరిగి కళ్ళు తేలేసింది. అందరూ చుట్టూ చేరారు. మామగారు బీపీ అన్నారు. అత్తగారు నిద్ర చాల్లేదన్నారు. కొడుకు తిన్నది అరగలేదేమో అన్నాడు. ముగ్గురూ చేతికందిన పేపర్లతో విసురుతూనే అన్నారు. కోడలు మామ్మ నుదురు ముట్టుకుని చూసింది. పెనంలా కాలుతోంది. తన పేరు సంగతి ఇక దేవుడికి వదిలేసింది.

"ఏసీ పాడైంది," అంది. "ముందు మామ్మని వరండాలోకి మొయ్యండి."

ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. కొడుకు ఫోన్‌లో మెకానిక్ నంబరు అప్పటికే మోగుతోంది. అత్తగారు తలగడ కిందనుంచి వారంటీ కాగితం తీశారు. మామగారు గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, వస్తువన్నాక పాడవుతుంది. ఈ ఇంట్లో నిన్నెవరూ పల్లెత్తు మాట అనరు. మా మనసులు అలాంటివి. ఇంతకీ ఏం చేశావు దాన్ని?"

వరండాలో గాలి తగిలి, మొహాన నీళ్ళు పడ్డాక మామ్మ కళ్ళు తెరిచింది. ఎవరు చెప్పారని అడిగి, ఆ తర్వాత మంచినీళ్ళు అడిగింది.

మెకానిక్ మూత తీసి ఫిల్టర్ లాగాడు. దుప్పటి మందాన దుమ్ము. ఇది చెడిపోయి మూడేళ్ళయింది సార్ అన్నాడు. కోడలు ఆ ఇంటికొచ్చి రెండేళ్ళు. ఏసీ ఇంకా బాగుకాలేదు గానీ, ఆమెకి మాత్రం మనసు చల్లబడింది. మామగారు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు.

"మూడేళ్ళంటే, సంబంధం మాట్లాడేటప్పుడు నీ ఫొటో మా ఇంటికొచ్చింది అప్పుడే కదమ్మా."

ఫొటో ఎక్కడ పెట్టారని మెకానిక్ అడిగాడు. ఈ గదిలోనే అన్నారు. అతను అనుభవజ్ఞుడిలా తలూపాడు. దాంతో చెయ్యి సంగతి ఖాయమవడమే కాదు, అది ఫొటోలోంచి కూడా పనిచేస్తుందని రుజువైంది.

కోడలు వారంరోజులు ఏడ్చింది. ఎనిమిదోరోజు పక్కింటావిడ టీకి పిలిచింది. వాళ్ళ ఫ్రిజ్ ఏడాదిగా బాగానే ఉందట, పాలు మాత్రం మధ్యాహ్నానికే విరుగుతున్నాయట, ఊరికే ఓసారి అటు చూసి వెళ్ళమంది. కోడలు చూసి, పాడైందంది. సాయంత్రానికల్లా ఆ ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది, ఇంట్లో ఎవరిమీదా మాట పడకుండా. ఆపైన వీధి వీధంతా పిలిచింది. గీజర్లు చూసింది, లిఫ్టు చూసింది, ఒకచోట కాపురం చూసింది. ఆమె చెప్పడం, వాళ్ళు ఆమెని తిట్టుకోవడం, హాయిగా బాగుచేయించుకోవడం.

పోయిన వారం మునిసిపల్ ఇంజినీరుగారి ఆఫీసు నుంచి కారొచ్చింది. పెద్ద వంతెన ఆరేళ్ళుగా బాగానే ఉందని, వీలుచూసుకుని ఒకసారి వచ్చి చూడాలని సవినయంగా కోరారు. ఆమె వెళ్ళి చూసింది. పగులులో చెయ్యి దూరుతోంది. పైన బస్సులు, స్కూటర్లు, బడిపిల్లలు, మీరు, నేను, అందరం ఆకాశంవైపు చూసుకుంటూ దాటుతున్నాం. ఆ పగులు మనలో ఎవరికీ కనిపించలేదు. కనిపించి ఉంటే చెప్పేవాళ్ళమే.