వీధి మొదటి ఇంటి తగువు

మబ్బువలసలో ఆ చలికాలం కరెంటు పోయిన తరువాత, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకునే ఇళ్ళలో తప్ప మిగతా అన్ని ఇళ్ళలోనూ కొళాయి నీళ్ళు గడ్డకట్టుకుపోయాయి.

ఊరు కొండమీద ఉంది. పుష్యమాసంలో గడ్డిమీద మంచు పేరుకోవడం అక్కడ మామూలే. ఆ ఏడు మాత్రం చలి గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చుంది. ఘాట్ రోడ్డు మలుపులో కరెంటు టవరు ఒరిగిపోయింది. విద్యుత్తు కార్యాలయంవారు ‘పని జరుగుచున్నది’ అని బోర్డు కట్టి తలుపు వేసుకున్నారు. హీటర్లు ఆగిపోయాయి. జనం తమకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. పైపులకు గోనెసంచులు చుట్టి, వాటిమీద పాత దుప్పట్లు కట్టారు. నీళ్ళు కదులుతూ ఉంటే గడ్డకట్టవని కొళాయిలను కాస్త వదులు చేసి, చుక్కచుక్కగా కారేలా ఉంచారు. ఆ చుక్కలు కొళాయి మూతి దగ్గరే వేలాడుతూ గట్టిపడ్డాయి. ఒకరిద్దరి ఇళ్ళలో గోడలోపలి పైపు పగిలి, మధ్యాహ్నం ఎండకు మంచు కరిగేసరికి వంటగది చెరువైంది.

పై వీధిలోని పోలిరాజు, బంగారమ్మల ఇంట్లో మాత్రం కొళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి. పంచాయతీ నీటి విభాగం ఇంజనీరు సదాశివరావు థర్మామీటరు పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. పోలిరాజు పులుసులో ఉప్పు లేదన్నప్పుడు పాదరసం కొద్దిగా కదిలింది. బంగారమ్మ అత్తగారి పేరు ఎత్తగానే గబగబా పైకి పాకింది. ఇంజనీరు ఆశ్చర్యపోలేదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆయన ఇంతకంటే వింత ఉత్తర్వులు అమలు చేశాడు. మర్నాడే ఊరంతటికీ సర్క్యులరు పంపాడు.

దాని ప్రకారం ప్రతి కుటుంబమూ పొద్దునా సాయంత్రమూ ‘గార్హస్థ్య తాపం’ ఉత్పత్తి చెయ్యాలి. పోట్లాట పైపుకు దగ్గరలో జరగాలి. రాజకీయాల గురించి పోట్లాడితే వేడి కిటికీలోంచి పోతుంది కాబట్టి ఆ విషయం పనికిరాదు. చెయ్యి చేసుకుంటే పైపు పగులుతుంది, దానికి శాఖ బాధ్యత వహించదు. ఒంటరిగా ఉండేవారికి దగ్గరి బంధువును కేటాయిస్తారు.

దీనికి ముందే ఊరి కుర్రకారు కొందరు విద్యుత్తు కార్యాలయం ముందుకు వెళ్ళి గొంతులు పోయేలా అరిచి వచ్చారు. న్యాయంగా చూస్తే అంత కోపానికి ఊరంతా మరిగిపోవాలి. ఇంటికొచ్చి చూసుకుంటే కొళాయిలు రాయిలాగే ఉన్నాయి. సదాశివరావు వాళ్ళకు ఓపికగా చెప్పాడు: “ఇంటి పైపుకి ఇంట్లోవాళ్ళమీద కోపమే పనిచేస్తుంది బాబూ. బయటివాళ్ళమీద కోపం బయటే చల్లారిపోతుంది.” కుర్రాళ్ళు తలలూపి ఇళ్ళకు పోయి, తండ్రులతో మొదలుపెట్టారు.

పై వీధిలో మొదటి ఇల్లు గౌరునాయుడిది. ఆయన, భార్య నూకరత్నం కలిసి బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. ఆయన కత్తిరిస్తే ఆమె కుడుతుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఇంట్లోంచి గొంతెత్తిన మాట ఒక్కటీ ఎవరూ వినలేదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళను పెద్దలు ముందు ఆ ఇంటికే పంపి కాళ్ళకు దణ్ణం పెట్టించేవారు. ఇప్పుడు ఆ మంచితనమే చిక్కు తెచ్చింది. వీధి పైపు వాళ్ళ పెరటిలోంచి కిందికి దిగుతుంది. ఇన్నాళ్ళూ ఎలాగో పారిన ఆ పైపు కూడా చలి ముదిరేసరికి బిగుసుకోసాగింది. అక్కడ నీళ్ళు గడ్డకడితే, కింది ఇళ్ళవాళ్ళు ఎంత పోట్లాడుకున్నా వాళ్ళ కొళాయిల్లోకి చుక్క రాదు.

గౌరునాయుడు పెరటి పైపుకు మిగిలిన ఖాకీ గుడ్డ ముక్కలన్నీ చుట్టాడు. నూకరత్నం వాటిమీద తన శాలువ కప్పి, ఊడిపోకుండా చుట్టూ కుట్టింది. పైపు లోపలినుంచి పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు వస్తూనే ఉంది.

సాయంత్రానికి వీధివాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి పెరట్లో నిలబడ్డారు.

“నాయుడన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి వదినతో పోట్లాడన్నా” అన్నాడు పోలిరాజు. “మా ఇంట్లో బాలింత ఉంది. నాను, బంగారమ్మ పొద్దుట్నించీ తిట్టుకుంటన్నాం. పైనించి నీళ్ళొస్తే కదేటి వేడెక్కడానికి!”

గౌరునాయుడు ఇబ్బందిగా భార్యవైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

“రత్నం, మధ్యాహ్నం నువ్వు పెట్టిన చారు బాగోలేదు.”

“అవునండి. చింతపండు ఎక్కువైపోయింది” అంది నూకరత్నం.

“అలాగని మరీ తినలేనంత కాదులే.”

“రేపు సరిగ్గా పెడతానండి.”

సదాశివరావు థర్మామీటరు చూసి పెదవి విరిచాడు. పాదరసం ఇంకా కిందికి దిగింది.

బంగారమ్మకు ఓపిక నశించింది. నూకరత్నం చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. “అదేటమ్మా, చారూ గీరూ! ఇయ్యాల్టి విషయం పచ్చికట్టెలాంటిది. పొగే గాని మంట రాదు. పాతది తియ్యాలి. బాగా ఎండింది. లేదేటి నీ దగ్గర?”

“నాకేం లేదక్కా” అంది నూకరత్నం.

“లేని ఆడది ఉంటాదేటి? సరిగ్గా చూసుకో.”

నూకరత్నం పైపు దగ్గర కూర్చుంది. దానిమీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు వెతుక్కుంది. వీధివాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆమె కళ్ళు తెరిచినప్పుడు భర్తను చూసిన చూపు ఆ ఇంటికి కొత్త.

“పెళ్ళయిన ఏడు నాకు పట్నంలో నర్సు ట్రైనింగుకి పిలుపొచ్చింది. గుర్తుందా?”

గౌరునాయుడు తడబడ్డాడు. “ఏదో వచ్చినట్టే ఉంది.”

“వచ్చినట్టే ఉందా? వచ్చింది! వెళ్ళమంటారా అని అడిగాను. మీరేమన్నారు?”

“వద్దనలేదు కదా.”

“వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. చూద్దాం అన్నారు! నేను పెట్టె సర్దుకుని కూర్చున్నాను. చేరాల్సిన రోజు వచ్చింది, పోయింది. మీరు చూస్తానే ఉన్నారు. ఆ పెట్టెలో ఇప్పుడు గుండీలు పోసుకుంటన్నాను!”

పైపులోని చప్పుడు ఆగింది. గుడ్డలమీది మంచు నీరుగా మారి జారింది. “ఎక్కుతోంది, ఎక్కుతోంది” అని సదాశివరావు మెల్లగా అన్నాడు.

“మరి మళ్ళీ అడగొచ్చు కదా?” అని గౌరునాయుడు గొంతు పెంచాడు. తన గొంతు అంత పైకి వెళుతుందని ఆయనకే తెలియదు. “ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ఇది కావాలన్నావా? ఇది వద్దన్నావా? ఏటి చెప్పినా అలాగేనండి, అలాగేనండి! గోడతో కాపరం చేసినట్టుంది నాకు. నువ్వు నా దగ్గర సుఖంగా ఉన్నావో, గతిలేక ఉన్నావో తెలీక చచ్చాను!”

“అడిగారా? నోరు విప్పి ఒక్కసారి అడిగారా?”

“భయం! సుఖంగా లేనంటావేమోనని భయం!”

పైపు గరగరలాడి, వణికి, ఒక్కసారిగా పారింది. కింది ఇళ్ళలో వరసగా కొళాయిలు దగ్గుతూ నీళ్ళు కక్కడం పైవరకూ వినిపించింది. వీధివాళ్ళు చప్పట్లు కొట్టి, బిందెలు ఎత్తుకుని పరిగెత్తారు. పోలిరాజు కళ్ళు తుడుచుకుంటూ “ఏం తగువన్నా! ఏం తగువు!” అని గౌరునాయుణ్ణి కౌగిలించుకున్నాడు.

తరువాతి రోజులు బాగానే గడిచాయి. నూకరత్నం దగ్గర పాతవి ఇంకా ఉన్నాయని తేలింది. దుకాణం బోర్డుమీద ఆయన పేరొక్కటే ఉండడం, ఆమె తండ్రి పోయినప్పుడు ఆయన ఆలస్యంగా రావడం, ఇలా ఒక్కొక్కటే బయటికి వచ్చింది. గౌరునాయుడు ప్రతిదానికీ జవాబు చెప్పాడు, కొన్నిటికి జవాబు లేక అరిచాడు. పోట్లాట ముగిశాక ఇద్దరూ వేన్నీళ్ళు పోసుకుని, ఎర్రబడిన మొహాలతో పక్కపక్కనే కూర్చుని భోంచేసేవారు. ఇరవై ఏళ్ళలో ఆమె ఆయనతో అంత మాట్లాడింది లేదు. ఆమె నవ్వినప్పుడు ఎడమ బుగ్గమీద సొట్ట పడుతుందని కూడా ఆయన అప్పుడే గమనించాడు.

ఒక ఉదయం గౌరునాయుడు కత్తెర పక్కన పెట్టి ఆమె మిషను ముందుకొచ్చి నిలబడ్డాడు. “రత్నం, ఆ ట్రైనింగు విషయంలో తప్పు నాదే. నన్ను...” అన్నాడు.

పెరట్లో పైపు టక్కుమంది. క్షణంలో పోలిరాజు గోడమీదినుంచి తల పెట్టాడు. “అన్నా, ఏటి చేస్తన్నావ్? మా కొళాయి చల్లబడిపోతంది!”

సదాశివరావు రొప్పుతూ వచ్చాడు. ఆయన మాట మర్యాదగానే ఉంది గాని గట్టిగా ఉంది. “క్షమాపణ చెప్పుకోవడం మీ హక్కు నాయుడుగారూ. కాదనను. కాని కరెంటు వచ్చేదాకా వాయిదా వెయ్యండి. మీ కింద వీధి మొత్తం ఉంది.”

గౌరునాయుడు భార్యవైపు చూశాడు. ఆమె కుట్టు ఆపి, వినడానికి తల కొద్దిగా వంచి ఉంది. ఆమే తల ఎత్తి, “బాలింత ఉంది కదండి” అంది. ఆయన తలూపాడు. ఆమె లేచింది. ఇద్దరూ పెరట్లోకి నడిచి బోర్డు విషయం అందుకున్నారు.

మాఘమాసంలో విద్యుత్తు కార్యాలయంనుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆయన వణుకుతూనే ఉన్నాడు. చలికి కాదు. వెనక సీట్లో ఇద్దరు పోలీసులను కూర్చోబెట్టుకున్నాడు. రాళ్ళు పడతాయనుకుని తలకు హెల్మెట్ కూడా పెట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరూ ఆయనను అడ్డగించలేదు. ప్రతి ఇంట్లోంచీ కేకలు వినిపిస్తున్నాయి. ప్రతి పెరట్లోంచీ వెచ్చని ఆవిరి లేస్తోంది.

ఆయన పై వీధి మొదటి ఇంటి ముందు దిగాడు. గౌరునాయుడు బయటికి వచ్చి, అరుగుమీద కూర్చోబెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో వేన్నీళ్ళు ఇచ్చాడు.

“టవరు సామాను సిద్ధంగా ఉంది” అన్నాడు అధికారి, హెల్మెట్ తియ్యకుండానే. “ఎక్కువ గొడవ ఉన్న ఊరికి ముందు వేస్తున్నాం. మీ ఊరి ఫిర్యాదు ఏమిటో చెబితే...”

గౌరునాయుడు ఆలోచించాడు. కరెంటు వస్తే హీటర్లు పనిచేస్తాయి. ఆయన చెప్పదలచుకున్న మాట చెప్పవచ్చు. అది విన్నాక నూకరత్నం ‘అలాగేనండి’ అని మళ్ళీ మిషను ముందు కూర్చుంటుందేమో. ఆ ఇంట్లో మిషను చప్పుడొక్కటే వినిపించిన ఏళ్ళు ఆయనకు గుర్తొచ్చాయి.

“ఫిర్యాదేటి బాబూ” అన్నాడు. “మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే వెయ్యండి.”

“మామీద కోపం లేదా?”

“కోపమా? ఉన్నదంతా ఇంట్లోకే సరిపోతంది బాబూ. బయటికివ్వడానికి మిగలట్లేదు.”

పక్కింటి పోలిరాజును అడిగినా అదే అన్నాడు. ఆ పక్కింట్లోవాళ్ళు పనిలో ఉండి తలుపే తియ్యలేదు. అధికారి నెమ్మదిగా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంత మర్యాదగల ఊరిని తన సర్వీసులో చూడలేదని పోలీసులతో అన్నాడు. టవరు సామాను ఇంకా రోడ్డెక్కి అరుస్తున్న మరో ఊరికి పంపమని అక్కడినుంచే ఫోను చేశాడు. ఈ వేడి పద్ధతి కొండ కింది ఊళ్ళకు కూడా పనికొస్తుందేమో చూడాలని, అక్కడ పైపులు గడ్డకట్టకపోయినా ఫరవాలేదని, జీపు ఎక్కుతూ, తన సర్క్యులరు చూపించడానికి వచ్చిన సదాశివరావును వివరాలు అడిగి తెలుసుకున్నాడు.

జీపు మలుపు తిరిగేదాకా గౌరునాయుడు చెయ్యి ఊపాడు.

“ఎంతసేపండీ? పైపు చల్లారిపోతంది, రండి” అని లోపలినుంచి నూకరత్నం పిలిచింది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఏం అనాలో ఆలోచించుకుంటూ హుషారుగా లోపలికి వెళ్ళాడు.