మూడో సీటు దిగులు

ఉదయం పదకొండున్నరకి, నాలుగు లెక్కపెట్టి పీల్చిన ఊపిరిని ఆరు లెక్కపెట్టి వదులుతుండగా హైమవతి ముక్కులోంచి ఒక దిగులు జారి టేబుల్ మీద పడింది. నిమ్మకాయంత ఉంది, కాస్త వెచ్చగా ఉంది. పక్క సీటు కామేశం దాన్ని చూసి, "వెంటనే రిజిస్టర్లో ఎక్కించెయ్యండి మేడమ్, తర్వాత మర్చిపోతారు" అని మళ్ళీ తన పనిలో పడ్డాడు.

ఆ మున్సిపాలిటీలో జనన మరణాల విభాగం వాళ్ళకి శ్వాస ధ్యానం నేర్పించి అప్పటికి వారమైంది. రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఊపిరిని గమనిస్తే ఒత్తిడి పోతుందని శిక్షకుడు చెప్పాడు. పోయినది ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు. పాపం, అది ఆయన పని కాదు. సూపరింటెండెంటు త్రినాథరావు రికార్డు గదిలో ఒక బీరువా ఖాళీ చేయించి, ఆఫీసు వేళల్లో రాలిన దిగులంతా ఆఫీసుదేనని నోటు పెట్టి సంతకం తెచ్చుకున్నాడు.

హైమవతి దిగులల్లా భర్త సూర్యం దగ్గు. మూడు నెలలుగా దగ్గుతున్నాడు, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. ఆయన దగ్గినప్పుడల్లా ఆమె గుండె గుభేలుమనేది. ఇప్పుడా దిగులు బీరువాలో ఉంది, ఆమె ప్రాణం హాయిగా ఉంది. ఆ రోజు పదిహేడు జనన ధ్రువపత్రాలు ఇచ్చింది. ఇస్తూ, పాప పేరు బాగుందని, బాబు పేరు బాగుందని నవ్వుతూ చెప్పింది. కౌంటరు ముందున్న వాళ్ళు కంగారుపడి, చేతికొచ్చిన కాగితంలో తప్పులేమైనా ఉన్నాయేమోనని ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు.

చిక్కు నెలాఖరు తనిఖీలో వచ్చింది. ఉద్యోగి దిగులు లేకుండా తిరగడానికి నిబంధనల్లో వీలు లేదని, బీరువాలో ఉన్నవన్నీ తిరిగి అప్పగించమని పైనుంచి ఆదేశం. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది.

"నాది ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంచకూడదాండీ?" అని అడిగింది.

"కుదరదమ్మా. ఆడిట్లో నా మెడకి చుట్టుకుంటది" అన్నాడు త్రినాథరావు.

అయితే ఆ ఆఫీసులో ఏదీ మనిషి పేరు మీద ఉండదు, సీటు మీద ఉంటుంది. దిగుళ్ళకి కట్టిన చీటీల మీద కూడా సీటు నంబర్లే ఉన్నాయి. ఈ మధ్యలో అందరి సీట్లూ మారాయి. హైమవతి మూడు నుంచి నాలుగుకి వెళ్ళింది, కామేశం నాలుగు నుంచి మూడుకి వచ్చాడు. చీటీ ప్రకారం సూర్యం దగ్గు కామేశానికి అందింది. కామేశం వాళ్ళమ్మ మోకాళ్ళ ఆపరేషను హైమవతికి అందింది. ఇద్దరూ సంతకాలు పెట్టి, కళ్ళు మూసుకుని, నాలుగు లెక్కపెట్టి లోపలికి పీల్చుకున్నారు.

ఏమీ బరువనిపించలేదు.

"దీనికేనా మేడమ్ ఇన్నాళ్ళూ నలిగిపోయారు? దగ్గేగా, అదే తగ్గిపోద్ది" అన్నాడు కామేశం.

"మీ అమ్మగారికి మాత్రం ఏమవుద్దండీ? ఈ రోజుల్లో మోకాళ్ళ ఆపరేషనంటే పన్ను పీకించుకున్నట్టే" అంది హైమవతి. ఆ మాట అంటుంటే ఆమెకి నిజంగానే ధైర్యంగా ఉంది.

ఆఫీసంతా అదే సందడి. అందరూ ఒకరికొకరు సలహాలు చెప్పుకున్నారు, కాజాలు తెప్పించుకున్నారు. త్రినాథరావు పెండింగు ఏమీ లేదని నివేదిక పంపాడు.

ఇంటికొచ్చి ఆమె అట్లు పోస్తుంటే, సూర్యం గోడ పట్టుకుని మరీ దగ్గాడు. దగ్గు ఆగాక నీళ్ళు తాగి, మూడు నెలల్లో మొదటిసారి తనంతట తనే అడిగాడు.

"ఏమే, రేపోసారి డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

హైమవతి ఆయన పళ్ళెంలో చట్నీ వేస్తూ నవ్వింది. "ఆ విషయం ఇప్పుడు నా దగ్గర లేదండీ. కామేశం గారు చూస్తున్నారు. ఆయన దేన్నీ పెండింగు పెట్టరు."

సూర్యం మొహం కూడా తేటపడింది.

"పోన్లే, ఎవరో ఒకళ్ళు చూస్తున్నారుగా" అని, దగ్గుతూనే ఇంకో అట్టు వేయించుకున్నాడు.