ఇంట్లో దొరికిన లారీ

ఆ గురువారం పొద్దున్న వాచీల ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పెరట్లో షెడ్డు కింద ఉన్న లారీ మీద దుమ్ము దులపాలి, తొమ్మిదింటికల్లా వెళ్లి కొట్టు తెరవాలి. వాచీలు బాగుచేసేవాళ్లకు పెద్ద పథకాలు అలవాటుండవు.

లారీ ఆయన తండ్రిది. పెద్దాయన దాన్ని ముప్ఫై ఏళ్లు నడిపి, షెడ్డులో పెట్టి, కొన్నాళ్లకు తానూ పోయాడు. ఆ తరవాత పాతికేళ్లు అది ఎవరి కంటికీ ఆనలేదు. ఈమధ్య ఒక సెలవు రోజున కొడుకు వాచీల భూతద్దం కంటికి బిగించుకుని, తుప్పు గీకి, చట్రం మీద పొడిచిన అంకెలు చదివాడు. వాటిని పాత బండ్ల మ్యూజియానికి రాసి పంపితే జవాబొచ్చింది. బండి ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ చేసినదిలా ఉందట. అలాంటివి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవట. ఆదివారం మనిషిని పంపుతామనీ, అసలు భాగాలన్నీ ఉంటే హాల్లో పెట్టి, పక్కన పలక మీద నడిపిన డ్రైవరు పేరు కూడా రాస్తామనీ ఉంది.

ఆ చివరి మాట దగ్గర ఆయన చదవడం ఆపేశాడు. ముప్ఫై ఏళ్లు ఊళ్లకు ఊళ్లు సరుకు మోసిన మనిషి పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పలక ఒక్కటి వస్తే ఆయనకు చాలు.

దుమ్ము దులిపితే తేలిందేమిటంటే, లారీకి ముందు జాలీ లేదు. పక్క అద్దం, తలుపు పిడి, డ్రైవరు సీటు, వెనక తలుపు, కంపెనీ పేరున్న ఇత్తడి బిళ్ల, ఏవీ లేవు. దిగాలుగా నిలబడ్డ సమయానికి బావమరిది కాఫీ గ్లాసుతో వచ్చాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం అతను.

"బావా, మీ వంటింటి కిటికీకున్న జాలీ ఎప్పుడైనా సరిగ్గా చూశావా? కిటికీకి అలాంటిది ఎవరైనా పెట్టుకుంటారా?"

ఇద్దరూ వెళ్లి చూశారు. మందపాటి ఇనుము, మూలల్లో బోల్టు కన్నాలు. దాంతో వాచీల ఆయనకు పుట్టి పెరిగిన ఇల్లే కొత్తగా కనిపించింది. బాత్రూములో గుండ్రటి అద్దం, బాత్రూము తలుపుకు వంకర పిడి, హాల్లో స్ప్రింగుల సీటు.

"నాన్న లారీని విప్పి ఇంటికి బిగించుకున్నాడు" అన్నాడు నెమ్మదిగా. ఆ మాటలో కాస్త నిష్ఠూరం ఉంది.

హాల్లో కుర్చీలో కూర్చున్న తల్లి, జాలీ ఊడుతున్న చప్పుడు విని, "తియ్యి నాయనా, తియ్యి. ఆ అద్దం కూడా తీసెయ్యి" అంది. ఆవిడ ఏ పనికైనా ఇంత తొందరగా ఒప్పుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

జాలీ లేని కిటికీలోంచి మధ్యాహ్నానికి పిల్లి వచ్చింది. సాయంత్రానికి దాని చుట్టాలు వచ్చారు. శుక్రవారం బాత్రూము పిడి విప్పుతున్నప్పుడు లోపల బావమరిది ఉన్నాడని ఎవరికీ తెలియదు.

"బావా, తలుపు రావడం లేదు."

"ఉండు, పిడి లారీకి బిగించి వస్తా."

పిడి లారీకి పట్టలేదు, తిరిగి తెస్తే బాత్రూముకూ పట్టలేదు. గంట తరవాత తలుపునే ఊడదీసి, ఆ స్థానంలో దుప్పటి కట్టారు. శనివారం బావమరిది, అటక చెక్క తప్పకుండా లారీ వెనక తలుపేనని తేల్చాడు. అటక దిగింది. దాని మీది గిన్నెలు, పరుపులు, పాత పెట్టెలు హాల్లోకి దిగాయి.

"ఇల్లు పీకి పందిరేయడమంటే వినడమే గానీ చూడలేదండీ" అంది భార్య. "మామయ్యగారి పేరు పలకెక్కేలోగా మనం వీధికెక్కుతాం."

ఆయన షెడ్డులోకి వెళ్లిపోయాడు. వాచీలో పట్టని చక్రాన్ని ఏనాడూ బలవంతంగా నొక్కిన మనిషి కాదు. అలాంటివాడు జాలీ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువైందని లారీ ముందు రేకుకు నాలుగు కొత్త కన్నాలు పొడిచాడు. పొడుస్తుంటే చేతులు వద్దన్నాయి. పలక గుర్తొచ్చి పొడిచేశాడు.

ఆదివారం మ్యూజియం ఆవిడ వచ్చింది. చాప పరచుకుని బండి కింద అరగంట పడుకుని, టార్చి వేసి చూసి లేచింది.

"బండి అదేనండి. అనుమానం లేదు."

వాచీల ఆయనకు కళ్లు చెమర్చాయి. ఆవిడ ముందుకు నడిచింది.

"జాలీ మాత్రం దీనిది కాదు. అద్దం ఇంకో బండిది. పిడి మూడో బండిది. సీటు బస్సుది." వెనక్కి వెళ్లి కాసేపు ఆలోచించింది. "ఇది అసలు బండిదే కాదు. అటకలా ఉంది."

"మా నాన్నే విప్పాడండి..." అని ఆయన మొదలుపెట్టేలోగా, కోడలి చెయ్యి పట్టుకుని తల్లి షెడ్డులోకి వచ్చింది. లారీ మొహం చూసి నిలబడిపోయింది.

"ఎవర్రా చెప్పారు నీకు? ఆయన ఈ బండిలోంచి మేకు కూడా తియ్యనిచ్చేవాడు కాదు. ఇంట్లోవన్నీ పాత ఇనుము కొట్లో కొన్నవి."

"మరి నాలుగు రోజులుగా తియ్యి తియ్యి అన్నావేమిటమ్మా?"

"ఇల్లు బాగుచేయిస్తున్నావనుకున్నాను. ఆ ఇనుము ఎప్పుడు పోతుందా అని నలభయ్యేళ్లు ఎదురుచూశాను."

"దీని సామాన్లేవి మరి?"

"నిలిపేసిన రోజే తుప్పు పట్టకుండా ఆయనే విప్పి ఈ పెట్టెలో పెట్టాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఎవరైనా అడిగితే కదా."

ఆవిడ చూపించింది లారీ ముందున్న మంచమంత చెక్కపెట్టె. మూడు రోజులుగా వాచీల ఆయన దాని మీదెక్కే పనిచేశాడు, రేకుకు కన్నాలు పొడిచిందీ దాని మీద నిలబడే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

పెట్టె తెరిచారు. గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, దారంతో కట్టిన మూటలు. ఒక్కో దానికీ ఒక చీటీ. పిడికి కట్టిన చీటీ మీద, "ఎడమ తలుపుది. కొంచెం పైకెత్తి తిప్పాలి" అని ఉంది. తండ్రి చేతిరాత చూసి ఎన్నేళ్లయిందో. వాచీల ఆయన ఆ చీటీని రెండుసార్లు చదివాడు. లారీని నాన్నే పాడుచేశాడని అనుకున్నందుకు సిగ్గేసింది. ఎవరున్నారని చూడకుండా ఏడ్చాడు. పిడి పట్టుకెళ్లి, కొంచెం పైకెత్తి తిప్పాడు. చప్పుడు లేకుండా కూర్చుంది.

మ్యూజియం ఆవిడ హాల్లో గిన్నెల మధ్య చోటు చేసుకుని ఫారం నింపింది. నడిపినవారు అన్నచోట పెద్దాయన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. భద్రపరిచినవారు అన్నచోట తల్లి పేరు. తరవాత పెన్ను ఆపింది.

"ముందు రేకుకు నాలుగు కన్నాలున్నాయి కదండీ. నష్టం ఎవరివల్ల అని ఒక గడి ఉంది. ఖాళీగా వదలకూడదు."

వాచీల ఆయన చొక్కా సర్దుకుని, తన పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పి రాయించాడు.